హాల్లో హెలికాప్టర్

అండమాన్‌లో హెలికాప్టర్ వింత వస్తువు కాదు. శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) నుంచి స్వరాజ్ ద్వీప్, డిగ్లీపూర్, కార్ నికోబార్, 500 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని క్యాంప్‌బెల్ బే దాకా పవన్ హన్స్ సర్వీసులున్నాయి. ఓడకు రోజులు పట్టే చోటికి గంటల్లో చేరుస్తాయి. లంకల్లో ప్రాణం మీదికొచ్చినవాళ్లను పెద్దాసుపత్రికి తెచ్చేదీ చాలాసార్లు హెలికాప్టరే. 2011 లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఆ ఇళ్ల పిల్లలు తలెత్తి చూసే యంత్రం ఎలా నడుస్తుందో చేతికి తెలిసేలా నేర్పగలిగేది ఇంట్లో ఎగరేసే చిన్న రిమోట్ హెలికాప్టర్.

ఇంట్లోనే ఎందుకంటే, బయట ఎప్పుడూ సముద్రపు గాలి. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన. పట్టుమని యాభై గ్రాములుండని బొమ్మను ఆ గాలి ఎటో ఎత్తుకుపోతుంది. పైగా శ్రీ విజయపురంలోని విమానాశ్రయం నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ ఉత్క్రోశ్‌తో కలిసే ఉంది. అలాంటి ఆకాశంలోకి ఏదీ సరదాకి వదలకూడదు. శీతాకాలంలో ఐదున్నరకల్లా చీకటి పడే ఊరు కాబట్టి సాయంత్రాలు ఎలాగూ ఇంట్లోనే.

హెలికాప్టర్ చరిత్రలో పైకప్పు కింద ఎగరడానికి గొప్ప చోటుంది. 1938 ఫిబ్రవరిలో బెర్లిన్‌లోని డాయిచ్‌లాండ్‌హాలె అనే భారీ హాల్లో పైలట్ హన్నా రైట్ష్ ఫోకె-వుల్ఫ్ 61 హెలికాప్టర్‌ను జనం ముందు ఎగరేశారు. దానికి చెరో పక్కన ఒక రోటర్, రెండూ ఎదురు దిశల్లో తిరిగేవి. అమెరికాలో ఆర్థర్ యంగ్ ఏళ్ల తరబడి చిన్న నమూనాలతోనే కుస్తీ పట్టాడు. రోటర్ తూలిపోకుండా పట్టి ఉంచే బరువుల కడ్డీని వాటి మీదే రూపొందించి, 1941లో బెల్ కంపెనీలో చేరాడు. అక్కడ తయారైన బెల్ 47కు 1946లో పౌర వినియోగానికి అనుమతి వచ్చింది. ఈ రోజు బొమ్మ హెలికాప్టర్ నెత్తిన రెండు చివర్లా బరువులతో తిరిగే కడ్డీ ఆ ఆలోచన సంతానమే. పిల్లల చేతికి బొమ్మతో పాటు ఈ కథా ఇవ్వాలని నా కోరిక.

మొదటిసారి కొనేవాళ్లు ఒకదానిమీద ఒకటి రెండు రోటర్లున్న దాన్నే ఎంచుకోవాలి. రోటర్ ఒకవైపు తిరిగితే దాని కింది శరీరం రెండోవైపు తిరగబోతుంది. ఎదురు దిశలో తిరిగే రెండో రోటర్ ఆ తిప్పుడును రద్దు చేస్తుంది. కొత్త చేతికి అంత సాయం కావాలి.

ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ అయితే కిటికీ తెర కూడా వెయ్యండి, ఎండ పడితే సంకేతం అందదు. నేలకు జానెడు ఎత్తులో ఎక్కువసేపు ఉంచకండి. రెక్కలు తోసిన గాలి నేలకు కొట్టి మళ్లీ దాన్నే కుదుపుతుంది. చాలామంది భయపడి సరిగ్గా అక్కడే తచ్చాడి, బొమ్మ మంచిది కాదనుకుంటారు. నడుమెత్తుకు లేపండి, అక్కడ అది నెమ్మదిస్తుంది. వదిలేసినా ఒకవైపే తిరిగిపోతుంటే ట్రిమ్ మీట సర్దండి.

అసలు విద్య గాల్లో ఒకేచోట నిలపడం. స్టిక్‌ను కదిపిన ఫలితం కాస్త ఆలస్యంగా కనిపిస్తుంది. అది కనిపించేదాకా ఆగలేక ఇంకాస్త కదిపితే బొమ్మ కప్పుకి తగులుతుంది, లేదా నేల మీద పడుతుంది. సైకిల్ నేర్చుకునేటప్పటిలాగే ఇక్కడా చిన్న చిన్న సవరింపులే నిలబెడతాయి. తోక మనవైపు ఉన్నంతసేపూ అంతా తేలికే. ముక్కు మనవైపు తిరగగానే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆ గండం గట్టెక్కడానికి చాలా సాయంత్రాలు పడతాయి, పట్టనివ్వండి.

ఎగిరేది ఆరేడు నిమిషాలు, చార్జింగ్‌కు అరగంట పైనే. దిగగానే బ్యాటరీ వేడిగా ఉంటుంది, చల్లారాకే చార్జింగ్ పెట్టాలి. ఆ విరామంలో రెక్కల మధ్య చుట్టుకున్న వెంట్రుకలు తీసెయ్యడం, పగుళ్లు చూసుకోవడం అలవాటు చేయిస్తే మంచిది. ఎగరబోయే ముందు యంత్రాన్ని పరీక్షించే అలవాటు నిజం పైలట్లకూ ఉంది.

ఇలాంటి బొమ్మలు రెండు మూడు ప్రతి ద్వీపంలోని బడి హాల్లో ఉండాలి. ఇల్లు చిన్నదైన పిల్లలకూ అప్పుడే అవకాశం దొరుకుతుంది. చేయి కుదిరాక నాలుగు చానెళ్ల ఒంటి రోటర్ హెలికాప్టర్‌కు మారవచ్చు. అది పక్కలకూ జరుగుతుంది, మరింత చురుగ్గా స్పందిస్తుంది. దాన్ని ఒక్కసారి గాల్లో నిలిపిన పిల్లకు హెలిప్యాడ్ మీది హెలికాప్టర్ తోకలో పంకా ఎందుకుందో వేరే చెప్పనక్కర్లేదు.