మొక్కూ మాత్రా

మిరప కోతల కాలంలో నీరసాన్ని ఎవరూ లెక్కచేయరు. నరసరావుపేట, సత్తెనపల్లి, పర్చూరు, మార్టూరు చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో అప్పుడు అలసిపోని మనిషి ఉండడు. కౌలుకు తీసుకున్న చేలో ఆలుమగలిద్దరూ పొద్దుగూకేదాకా నడుం వంచితే ఒళ్ళు నొప్పులు రావా మరి! జ్వరం వస్తే ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు సెలైన్ పెడతాడు. తగ్గకపోతే టైఫాయిడ్ అంటారు, ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగ్యూ అంటారు. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే తొడల మీద కమిలిన మచ్చలు కనిపించాక గానీ గుంటూరు బస్సెక్కరు. అక్కడ రక్తపరీక్ష, ఆపైన తుంటి ఎముకలోంచి మూలుగ తీసి చేసే పరీక్ష. చివరికి తేలేది బ్లడ్ క్యాన్సర్ అని.

ఈ రెండు మాటలకీ మన సినిమాలు చేసినంత అపకారం ఇంకెవరూ చేయలేదు. హీరోయిన్ దగ్గడం, రుమాలు ఎర్రబడటం, క్లైమాక్సులో హీరో ఒళ్ళో కన్నుమూయడం. అందుకే ఆస్పత్రి మెట్ల మీద కూలబడిన కొత్త దంపతులకు డాక్టరు ఆ తర్వాత చెప్పిన ఏ మాటా చెవిన పడదు. ఇందులో రకాలున్నాయని, కొన్ని పూర్తిగా నయమవుతాయని, కొన్నింటికి రోజూ మాత్ర వేసుకుంటూ మామూలుగా బతకొచ్చని వాళ్ళకు అర్థం కావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ లోపల మనిషిని నిలబెట్టేది దేవుడే.

ఆ సాయంత్రమే ఫోన్లు మొదలవుతాయి. అత్తగారు కోటప్పకొండ త్రికోటేశ్వరుడికి ముడుపు కడుతుంది. తల్లి సింగరకొండ ఆంజనేయస్వామికి ప్రదక్షిణలు మొక్కుతుంది. పక్కింటివాళ్ళు ఫిరంగిపురం కార్మెల్ మాత దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తామంటారు. ఇంకెవరో పెదకాకాని బాజీ బాబా దర్గాకు వెళ్ళి రమ్మంటారు. చర్చిలో ఉపవాస ప్రార్థన పెడతారు. ఒకే ఇంటికోసం ఇన్ని గుమ్మాలు తొక్కడం ఈ ప్రాంతంలో ఎవరికీ వింత కాదు.

ఇదంతా అజ్ఞానమని కొట్టిపారేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. పెళ్ళయి ఏడాది తిరగని కుర్రాడు భార్యతో ‘నువ్వు లేకపోతే నేనేమైపోవాలి’ అనలేడు. మన ఇళ్ళలో ఆ మాట నోటికి రాదు, వచ్చినా అపశకునం అంటారు. ‘వచ్చే శివరాత్రికి ఇద్దరం కొండెక్కుదాం’ అంటాడు. ఆ అమ్మాయికి అందులో రెండో మాట కూడా వినిపిస్తుంది. వచ్చే ఏడాది ఒకటుందని, అందులో తనూ ఉందని. ఆ పని ఏ స్కానింగూ చేయలేదు.

కానీ అదే నమ్మకానికి ఇంకో ముఖం ఉంది. ‘కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదు’ అనేది ఒకటి. ‘నీ విశ్వాసం చాల్లేదు, అందుకే స్వస్థత రాలేదు’ అనేది మరొకటి. గుళ్ళో అన్నా, చర్చిలో అన్నా రెండూ జబ్బు పడ్డవాళ్ళ మీద వేసే నిందలే. లుకేమియా, అంటే ఈ బ్లడ్ క్యాన్సర్, అంటుకునేది కాదు, సాధారణంగా వంశంలో దిగేదీ కాదు. పుట్టాక మూలుగలో ఒక కణం జన్యువులు గతి తప్పడంతో మొదలవుతుంది. పురుగుమందుల వల్లేనా అని ఈ చేలల్లో అందరూ అడుగుతారు, అడగాల్సిందే. లిండేన్ క్యాన్సర్ తెస్తుందని, మలాథియాన్ తెచ్చే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో ప్రకటించింది. అయితే ఫలానా మనిషికి ఫలానా మందు కొట్టడం వల్లే వచ్చిందని ఏ పరీక్షా తేల్చలేదు.

గుంటూరులో ప్రార్థన, వైద్యం ఒకే ఆవరణలో ఉండటం కొత్త సంగతి కాదు. 1883లో వచ్చిన లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ ఇక్కడ ఆడవాళ్ళకు ఆస్పత్రి కట్టించింది. ఇక లుకేమియా మందుల కథలో తెలుగువాళ్ళది చిన్న పాత్ర కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కుర్రతనంలో రామకృష్ణ మిషన్‌లో సన్యాసి కావాలనుకున్నారు. చివరికి డాక్టరై, భార్యను ఇక్కడే వదిలి అమెరికా బయల్దేరారు, మళ్ళీ తిరిగి రాలేదు. అక్కడ లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించారు. సుబ్బారావు ఆ ఆగస్టులోనే పోయారు. ఆ మందుకు చెల్లెలి వరస మెథోట్రెక్సేట్ ఈనాటికీ లుకేమియా చికిత్సలో ఉంది.

రెండో కథ ఇంకా దగ్గరిది. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రకం పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా అరవైకి అటూ ఇటూ వస్తే, మన దేశంలో నలభై చుట్టుపక్కలే, అంతకంటే చిన్నవాళ్ళకు కూడా వస్తోంది. దీనికి ఇమాటినిబ్ అనే మాత్రను అమెరికా 2001లో అనుమతించింది. అప్పట్లో నోవార్టిస్ కంపెనీ మాత్ర ఖర్చు నెలకు సుమారు లక్షా ఇరవై వేల రూపాయలు. మిరప రైతు ఏడాది కష్టం ఒక్క నెల మందుకు చాలేది కాదు. అదే మందును 2003లో పదివేల లోపుకు తెచ్చిన కంపెనీల్లో నాట్కో ఒకటి. దాన్ని స్థాపించిన నన్నపనేని వెంకయ్య చౌదరిది గుంటూరు జిల్లా గొల్లమూడిపాడు. ఈ మందు పేటెంట్ మీద పోరాటం ఏళ్ళ తరబడి సాగి, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ వాదన కొట్టేసింది. గుంటూరు జనరల్ ఆస్పత్రిలో క్యాన్సర్ విభాగానికి 2020లో భవనం కట్టించిందీ నాట్కోనే.

ఇంత దూరం వచ్చిన మందు ఎక్కడ ఓడిపోతుందంటే, ఒంట్లో బాగున్నాక. మూడు నెలలకు రక్తం లెక్కలు సర్దుకుంటాయి, ముఖంలో కళ వస్తుంది. ‘దేవుడు తీసేశాడు, ఇంకా మందులెందుకు?’ అంటారు చుట్టాలు. అప్పుడే మాత్ర ఆపితే జబ్బు తిరిగొస్తుంది, ఈసారి ఆ మందుకు లొంగకపోవచ్చు కూడా. ఈ విషయంలో డాక్టరు మాట కంటే పాస్టరు మాట, పూజారి మాట, దర్గా ముజావర్ మాట బలంగా పనిచేస్తుంది. ‘మాత్ర మానకు, అదీ మొక్కులో భాగమే’ అని వాళ్ళు ఒక్కసారి అంటే చాలు.

తీవ్ర (అక్యూట్) లుకేమియాకు కీమో నడిచే రోజుల్లో జాగ్రత్తలు ఇంకో రకం. అప్పుడు తెల్లకణాలు అడుగంటిపోతాయి. శివరాత్రికి ప్రభల కింద తొక్కిసలాటలో నిలబడటం, కోనేటి తీర్థం పుచ్చుకోవడం, కటిక ఉపవాసాలు, రంజాన్ రోజాలు ఆ కొన్ని నెలలూ వద్దు. మిరప కల్లాల్లో లేచే దుమ్ములో బూజు ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణం మీదికొస్తుంది. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తాయెత్తు కోసం, ప్రార్థన నూనె కోసం ఆగకుండా ఆ గంటలోనే ఆస్పత్రికి చేరాలి. మొక్కు ఏడాది ఆలస్యంగా తీర్చినా పెద్దలెవరూ తప్పు పట్టరు. తలనీలాలంటారా, కీమోకు జుట్టు ఎలాగూ రాలిపోతుంది, మళ్ళీ మొలిచాక తీరిగ్గా ఇచ్చుకోవచ్చు.

ఇక కొత్త దంపతులు నోరు విప్పి అడగని ప్రశ్న ఒకటుంది, పిల్లలు. సంతానం కోసం వంద గుళ్ళు తిరిగే మనవాళ్ళు ఈ మాట డాక్టరు ముందు ఎత్తడానికి సిగ్గుపడతారు. ఇమాటినిబ్ వాడుతుండగా భార్య గర్భం దాల్చకూడదు, బిడ్డకు లోపాలు రావచ్చు. అలాగని గర్భం కోసం తనంతట తాను మాత్ర మానేయకూడదు. ఏళ్ళ తరబడి జబ్బు బాగా అదుపులో ఉంటే డాక్టరు పర్యవేక్షణలో కొంతకాలం ఆపే వీలు కొందరికి ఉంటుంది. భర్తకు కీమో అయితే ముందుగానే వీర్యం భద్రపరచుకోవచ్చు. ఒకసారి కీమో మొదలయ్యాక ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. కాబట్టి మొదటి సీసా ఎక్కించకముందే, అత్తమామల్ని కాసేపు బయట కూర్చోబెట్టి, ఇద్దరూ కలిసి అడగాలి.