ఐత్వము - దాని యంత్రసంఖ్యలు



హైదరాబాదు నగరమందలి జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతములు నేడు తెలుగు చలనచిత్రములకు ప్రధానమైన నెలవులు. ఇటీవలి చిత్రముల పేర్లు కొన్ని గమనింపుడు: 2006లో ‘సైనికుడు’, 2017లో ‘జై లవకుశ’, 2019లో ‘సైరా నరసింహారెడ్డి’. ఈ మూడు పేర్ల మొదటను, హైదరాబాదను పేరు మొదటను ఉన్నది ఐత్వమే. ఈ చిన్న గుర్తు గణనయంత్రమున ఎట్లు నిలుచుచున్నదో, దానివలన మనకు కలుగు చిక్కేమో నేడు మనవి చేసెదను.

‘స’ అను అక్షరముపై ఎత్వము నుంచి, క్రింద ఒక వంపు చేర్చినచో ‘సై’ అగును. అనగా ఈ గుర్తు రెండు భాగములు గలది. పండితులకు ఇది వింత కాదు. ‘ఏక’, ‘ఏక’ అను రెండు పదములు కలిసి ‘ఏకైక’ యగు వృద్ధిసంధి మీరెరిగినదే. రెండు కూడి ఒకటి యగుట ఐకారమునకు సహజగుణము.

యంత్రమునకు అక్షరముల ఆకారము తెలియదు, సంఖ్యలే తెలియును. ప్రపంచమందలి లిపులను ఒకే పట్టికలో చేర్చు ఉద్దేశముతో ‘యూనికోడు’ అను సంఖ్యల పట్టిక 1991లో వెలువడెను. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 గదులు కలవు. ఎత్వమునకు 3142, ఐత్వమునకు 3144 సంఖ్యలు. అంతటితో నిలిచినచో చిక్కు లేకుండెడిది. కాని ఐత్వపు క్రింది వంపునకును 3158 అని వేరొక సంఖ్య కలదు. కావున ‘సై’ అని నిలుపుటకు రెండు మార్గములు ఏర్పడినవి. సకారము తరువాత 3144 ఒక్కటే యుంచుట మొదటిది. 3142, 3158 అను రెంటిని వరుసగా నుంచుట రెండవది. అక్షరములు చక్కగా కూర్చిన యంత్రమున కంటికి రెండును ఒక్కటిగానే కనబడును.

తెలుగు గుణింతపు గుర్తులలో ఇట్టి రెండు విధముల నిలుకడ ఐత్వమునకు మాత్రమే కలదు. మలయాళ లిపిలో ఒత్వము హల్లునకు ముందొక భాగము, వెనుక నొక భాగముగా నిలుచును. అచ్చట ఒత్వ, ఓత్వ, ఔత్వములు మూడును ఈ విధముగనే విడిపోవును.

కంటికి భేదము లేనప్పుడు నష్టమేమి యందురా? యంత్రము వెదకునది కంటితో కాదు, సంఖ్యలతో. ఆపిల్ సంస్థవారు 1998లో ప్రవేశపెట్టిన దస్త్రముల అమరిక పేర్లను విడదీసియే దాచెడిది. అట్టి యంత్రమున ఒక చిత్రఖండమునకు ‘జై లవకుశ’ అని పేరిడి దాచి, వేరొక యంత్రమున కలిపిన రూపముతో వెదకినచో, సంఖ్యలను మాత్రమే పోల్చు యంత్రము ‘లేదు’ అని చెప్పును. దస్త్రము మాత్రము అచ్చటనే యుండును.

ఇది చలనచిత్రములవారి చిక్కు మాత్రమే కాదు. మన గ్రామములలో సైదులు, మైసయ్య, వైదేహి మున్నగు పేర్లు ఎన్ని లేవు! ఒక జాబితాలో సైదులు పేరు కలిపిన రూపమున, మరియొక దానిలో విడదీసిన రూపమున ఉన్నదనుకొందము. నేర్పులేని యంత్రము ఇద్దరు వేర్వేరు మనుష్యులని తలచును. పట్టా గాని, పింఛను గాని అచ్చటనే ఆగిపోవచ్చును.

దీనికి విరుగుడు పట్టికలోనే చెప్పబడియున్నది. ఆ రెండు రూపములును సర్వసమానములని యూనికోడువారు నిర్ణయించిరి. పోల్చుటకు ముందు అన్నిటిని ఒకే రూపమునకు తెచ్చు పద్ధతిని గూడ ఏర్పరచిరి. కలిపిన రూపమే ఎంచుకొన్నచో 3142, 3158 అను జంట 3144గా మారును. విడదీసినదే ఎంచుకొన్నచో 3144 ఆ జంటగా మారును. ఏది యైనను సరియే, రెండు వైపులను ఒక్కటియే కావలయును. కావున దోషము మన లిపిది కాదు. ఈ నియమము నెరుగక యంత్రమునకు పని నేర్పినవారిది.

ఇకమీదట ఎచ్చటనైనను ‘ఈ పేరు జాబితాలో లేదు’ అని చెప్పినచో, అందు ఐత్వ మున్నదేమో చూడుడు. ఉన్నచో పట్టా సంఖ్యతోనో, ఇంటి సంఖ్యతోనో మరల వెదకింపుడు. మనిషి ఎదుట నిలిచియుండగా, ఒక వంపు కారణముగా అతని పేరు లేదనుట న్యాయము కాదు.