మూట విప్పక పాఠమును దిద్దుట: ఆర్కైవు ఫైళ్లను ఎడిటరునందు చూచు, సవరించు పద్ధతి

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా కర్ణాటక రాష్ట్రమునకు చెందినదైనను, మూడు వైపుల ఆంధ్రప్రదేశమే దానిని చుట్టియున్నది. ఇండ్లలోను, పొలములలోను, సంతలలోను వినవచ్చు భాష పెక్కుచోట్ల తెలుగే. పాఠశాలలో నేర్చు లిపి మాత్రము కన్నడము. అందుచే అవ్వ నోట విన్న తెలుగు పాటను వ్రాసికొనదలచిన మనుమడు కన్నడ లిపి నాశ్రయించుట సహజము. తెలుగు లిపి నేర్చిన మరియొకరు దానినే తెలుగులోనికి మార్చి వ్రాసికొనుటయు సహజమే. ఇట్టి పాఠములు నేడు కాగితములపైననే కాక కంప్యూటరులందును నిలువయగుచున్నవి. అట్లు నిలువయైన పాఠములను చెడకుండ దిద్దుకొనుట యెట్లో ఈ వ్యాసమున నిరూపింపబడును.

ఒక ఉదాహరణము ననుకొందము. ఒక గ్రామమున సేకరించిన నాట్ల పాటలు, విసుర్రాతి పాటలు, పెండ్లి పాటలు కలిపి 60 ఉన్నవి. ఒక్కొక్క పాట ఒక్కొక్క ఫైలు. అన్నిటిని ఒకే మూటగా కట్టి నలుగురు మిత్రులకు పంపితిమి. 17వ పాటలో ఒక మాట తప్పని ఒకరు మూట విప్పి, దిద్ది, మరల కట్టి దాచుకొనిరి. 23వ పాటలో వేరొక తప్పును మరియొకరు తమ యింట నట్లే దిద్దిరి. ఇప్పుడు రెండు మూటలున్నవి. ఒకదానిలో 17వ పాట సరియైనది, 23వది తప్పు. రెండవదానిలో అది తలక్రిందు. అంతియేకాదు. విప్పినపుడు వెలికి వచ్చిన విడి ఫైళ్లు ఎవరి కంప్యూటరులో వారికి అట్లే మిగిలిపోయినవి. ఏడాది గడచిన పిమ్మట ఏది మూలమో, ఏది దిద్దుబాటో చెప్పగలవారుండరు. పాడిన అవ్వయు అప్పటికి లేకున్న అడిగి తెలిసికొను దారియు లేదు.

ఇది క్రొత్త చిక్కు గాదు. సి. పి. బ్రౌను గారు (1798–1884) తెలుగు కావ్యముల తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులచేత ప్రతులను పోల్పించి, శుద్ధప్రతులను సిద్ధము చేయించినది ఈ చిక్కును విడదీయుటకే. నకలు పెరిగినకొలది పాఠభేదము పెరుగును. కావున దిద్దుబాటు జరుగవలసినది నకలులో గాదు, మూలములోనే. ఇందుకు తోడ్పడు సాధనమొకటి కంప్యూటరులో కలదు. అది ఆర్కైవు ఫైలును విప్పకయే లోపలి పాఠమును చూపి, దిద్దనిచ్చి, దిద్దిన పాఠమును మూటలోనికే చేర్చు టెక్స్టు ఎడిటరు.

ఆర్కైవు ఫైలు స్వరూపము

పెక్కు ఫైళ్లను ఒకే ఫైలుగా కూర్చినచో దానిని ఆర్కైవు ఫైలందురు. వాడుకలో ముఖ్యమైనవి రెండు జాతులు: టార్, జిప్.

టార్ అనునది టేపు ఆర్కైవు అను మాటల సంక్షేపము. ఇది 1979లో వెలువడిన యునిక్స్ ఏడవ కూర్పుతో వ్యాప్తికి వచ్చినది. దీని నిర్మాణము త్రాట గ్రుచ్చిన తాళపత్రములను తలపించును. ఒక శీర్షిక, దాని వెంట ఒక ఫైలు; మరల ఒక శీర్షిక, మరల ఒక ఫైలు. అన్నియు 512 బైట్ల దిమ్మెలుగా నుండును. శీర్షికకు ఒక దిమ్మె. అందు ఫైలు పేరు, పరిమాణము, తేదీ, సరిచూచుకొనుటకు ఒక మొత్తపు సంఖ్య వ్రాయబడియుండును. ఫైలు చివరి దిమ్మె నిండనిచో మిగిలిన చోటు సున్నలతో నింపబడును.

యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును. గుణింతపు గుర్తును, పొల్లును వేరు సంకేతములుగా లెక్కింపవలెను. ‘పావగడ’ అను మాటలో ప, దీర్ఘము, వ, గ, డ అను 5 సంకేతములున్నవి. అనగా 15 బైట్లు. ఖాళీలను విడిచి లెక్కించి, 1000 సంకేతముల పాట యొకటి ఉన్నదనుకొందము. దానికి 3000 బైట్లు. 6 దిమ్మెలు, అనగా 3072 బైట్లు, కావలెను; 72 బైట్లు ఖాళీ. ఈ పాటకు 20 సంకేతములు చేర్చినచో 3060 బైట్లగును. అది ఆ 6 దిమ్మెలలోనే యిముడును. 30 సంకేతములు చేర్చినచో 3090 బైట్లై 7వ దిమ్మె కావలసివచ్చును. అప్పుడు దాని తరువాతి పాటలన్నియు 512 బైట్లు క్రిందికి జరుగవలెను. శీర్షికలోని పరిమాణమును, మొత్తపు సంఖ్యయు మారవలెను. ఒక మాట చేర్చుటలో ఇంత పని యిమిడియున్నది. దీనిని మనచేత చేయింపక తానే చేయునది ఎడిటరు.

జిప్ పద్ధతిని 1989లో ఫిల్ కాట్జ్ రూపొందించెను. ఇందు ప్రతి ఫైలును వేరువేరుగా నొక్కి చిన్నది చేయుదురు. అన్నిటి పట్టిక మూట చివర నుండును. ఆ పట్టికను చదివిన చాలును, ఏ ఫైలు ఎచ్చట మొదలగునో తెలియును. 1904లో వెలువడిన ఎపిగ్రాఫియా కర్ణాటికా 12వ సంపుటమున లూయీ రైసు దొర తుమకూరు జిల్లా శాసనములను తాలూకాల వారీగా సంఖ్యలిచ్చి ప్రకటించెను. పావగడ శాసనము కావలసినవాడు తక్కిన తాలూకాల శాసనములను చదువ నక్కరలేదు. తాలూకా పేరును, సంఖ్యను చూచి నేరుగా ఆ చోటికి పోవును. జిప్ మూట పట్టిక చేయు మేలు ఇట్టిదే. టార్ మూటను జీజిప్ అను సాధనముతో నొక్కినపుడు మాత్రము మూట యంతయు ఒకే ప్రవాహముగా నొక్కబడును గనుక, చివరి పాటను చూడవలెనన్నను మొదటినుండి విప్పుకొని రావలెను.

ఎడిటరు చేయు పని

ఈ సదుపాయము గల ఎడిటరులలో పేరుగాంచినవి గ్నూ ఇమాక్స్, విమ్. రెండును వెల లేక లభించును. ఇమాక్స్ నందు టార్ మూటలకు టార్ మోడును, జిప్ మొదలగువానికి ఆర్కైవు మోడును వేరువేరుగా కలవు. విమ్ ఎడిటరునకు 2006లో వచ్చిన 7వ కూర్పునుండి టార్, జిప్ ఉపకరణములు రెండును దానితోడనే లభించుచున్నవి.

మూటను మామూలు ఫైలు వలెనే తెరువవలెను. తెరపై లోపలి ఫైళ్ల పేర్లు పట్టికగా కనబడును. కావలసిన పేరుపై నుంచి ఎంటర్ మీట నొక్కినచో ఆ పాఠము తెరచుకొనును. ఇమాక్స్ పట్టికలో ‘ఓ’ మీట నొక్కినచో అది ప్రక్క కిటికీలో తెరచుకొనును. ‘వి’ మీట చూచుటకు మాత్రమే తెరచును. పొరబాటున చేయి తగిలినను పాఠము మారదు. ‘డి’ మీట తీసివేయవలసిన ఫైలునకు గురుతు పెట్టును. ‘ఎక్స్’ మీట నొక్కినగాని ఆ తీసివేత జరుగదు. ‘సి’ అను పెద్దక్షరపు మీట ఒక ఫైలును మాత్రము నకలుగా వెలికి తీయును.

పావగడ వంటి చోట ఇందు ఒక విశేష ప్రయోజనము కలదు. ఒకే పాట కన్నడ లిపిలో ఒక ఫైలుగను, తెలుగు లిపిలో మరియొక ఫైలుగను మూటలో నున్నచో రెంటిని రెండు కిటికీలలో ప్రక్కప్రక్కన నుంచి పంక్తి పంక్తి పోల్చి చూడవచ్చును. యూనికోడునందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకును, కన్నడమునకు 3200 మొదలు 3327 వరకును సంఖ్యలు కేటాయింపబడినవి. తెలుగు ‘అ’ 3077, కన్నడ ‘అ’ 3205. తాలూకా సరిహద్దున వలెనే ఈ పట్టికలోను రెండు లిపులును ఇరుగుపొరుగులు. రెండు పాఠములును ఒకే తెరపై స్పష్టముగా కనబడును.

దిద్దుబాటు ఎప్పుడు నిలుచును?

ఇందు జాగ్రత్తగా గ్రహింపవలసిన భేదమొకటి యున్నది. దీనిని తెలియనివారు పడిన శ్రమను పోగొట్టుకొందురు.

ఇమాక్స్ నందు టార్ మూటలోని పాటను దిద్ది భద్రపరచుమని ఆజ్ఞ యిచ్చినపుడు, ఆ దిద్దుబాటు ఎడిటరు తెరచియుంచిన మూట ప్రతిలోనికి మాత్రమే పోవును. డిస్కుపై నున్న మూట అప్పటికింకను మారలేదు. పట్టిక కిటికీకి మరలివచ్చి మూటనుగూడ భద్రపరచినపుడే పని ముగియును. పాటను ఒకసారి, మూటను ఒకసారి, రెండుమార్లు భద్రపరచవలెనని గుర్తుంచుకొనవలెను. జిప్ మూటలో అట్లుగాదు. పాటను భద్రపరచినంతనే ఎడిటరు జిప్ అను వేరొక ప్రోగ్రామును పిలిచి డిస్కుపై నున్న మూటలోనే మార్పు చేయించును. ఆ ప్రోగ్రాము కంప్యూటరులో లేనిచో పట్టిక కనబడునుగాని పాఠమును దిద్దుట సాగదు. టార్ మూటను ఇమాక్స్ తానే చదువును. నొక్కిన టార్ మూటకు మాత్రము విప్పు సాధనము కావలెను.

మరియొక విశేషము. టార్ మోడునందు పాటను దిద్దినను, ప్రత్యేకముగా కోరినగాని ఆ ఫైలు తేదీ మారదు. కావున తేదీని చూచి ‘ఇది దిద్దనిది’ అని నిర్ణయింపరాదు.

ఈ-పుస్తకములలో దిద్దుట

వేరు పేర్లతో తిరుగు జిప్ మూటలు పెక్కులున్నవి. ఈ-పబ్ అను ఈ-పుస్తకము జిప్ మూటయే. వర్డ్ 2007 నుండి వచ్చుచున్న డాక్స్ ఫైలును అట్టిదే. ఎడిటరు దానిని మూటగా గుర్తింపనిచో ఆర్కైవు మోడు అను ఆజ్ఞను ఇచ్చిన చాలును.

ఈ-పబ్ లోపల ప్రకరణములు గుర్తులతోకూడిన సామాన్య పాఠముగా నుండును. అచ్చయిన పిమ్మట కనబడిన ‘ళ’, ‘ల’ తారుమారును, ఒత్తు లోపమును అందు నేరుగా దిద్దవచ్చును. ఐతే మూట మొదట మైమ్ టైప్ అను 20 బైట్ల చిన్న ఫైలొకటి యుండును. అది మొదటనే యుండవలెననియు, నొక్కబడకుండవలెననియు నియమము. దానిని తెరచి భద్రపరచరాదు. మూటను క్రొత్తగా కట్టువారు దానిని తమ యిష్టము వచ్చినచోట చేర్చరాదు. విప్పి కట్టు పద్ధతిలో తరచుగా జరుగు దోషమిది. ఒక్క ప్రకరణమును మాత్రము లోపలనే దిద్దినవానికి ఈ యిబ్బంది రాదు.

డాక్స్ ఫైలు విషయమున తొందర కూడదు. చూచుటకు ఒకే మాటగా నున్నది లోపల రెండు మూడు తునుకలుగా చీలియుండవచ్చును, వెదకినను దొరకదు. పాఠము లోపలనున్నదా లేదా చూచుటకు ఎడిటరు చాలును. దిద్దుటకు వర్డ్ వంటి ప్రోగ్రామే మేలు.

పాటింపదగిన నియమములు

మొదటిది: పేర్ల విషయము. టార్ మూల పద్ధతిలో ఫైలు పేరునకు 100 బైట్లే చోటు. తెలుగున 33 సంకేతములు. తరువాతి పద్ధతులు పొడవు పేర్లను అంగీకరించినను, చిన్న పేర్లే క్షేమము. జిప్ నందు పేర్లు యూటీఎఫ్-8లో నున్నవని తెలుపు గుర్తు 2006లో ఏర్పడినది. ఆ గుర్తు లేని పాత మూటలలో తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా కనబడుట కలదు. లోపలి పాఠము చెడినదని దిగులుపడ నక్కరలేదు. చెడినది పేరు మాత్రమే.

రెండవది: దిద్దుటకు ముందు మూటకు తేదీ వేసి ఒక నకలు వేరొక చోట నుంచవలెను. మూలములోనే దిద్దుట యన్నపుడు, చేయి జారిన దోషమును మూలములోనికే పోవునని మరువరాదు.

మూడవది: ఎరుగనివారు పంపిన మూటను తెరువరాదు. విమ్ టార్ ఉపకరణములో అట్టి మూట ద్వారా హాని కలుగు లోపమొకటి 2025లో బయటపడి, వెంటనే సవరింపబడినది. చూచుట మాత్రమే గదా యని నిర్లక్ష్యము తగదు. ఎడిటరు క్రొత్త కూర్పునే వాడవలెను.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. ఎడిటరు విడి ఫైళ్లు పెరుగకుండ చేయగలదుగాని, ఇద్దరు చెరియొక మూటను దిద్దుటను ఆపజాలదు. ఆ పని మనుష్యులదే. కావున ప్రతి సేకరణమునకు ఒక సంరక్షకుడు, ఒక మూల మూట యుండవలెను. తక్కినవారు దిద్దిన మూటను గాక, ‘17వ పాట, 4వ పంక్తి, ఈ మాటకు ఈ మాట’ అని చీటీని మాత్రము పంపవలెను. సంరక్షకుడు దానిని విచారించి, మూటను తెరచి, లోపలనే దిద్దును. మూట కట్టునాడే అందు ‘మార్పులు’ అను చిన్న ఫైలొకటి చేర్చి, ఎవరు చెప్పగా, ఏనాడు, ఏది దిద్దబడెనో అందు వ్రాయుచుండవలెను. ఫైలు తేదీలు చెప్పజాలని చరిత్రను ఆ చీటీల పట్టిక చెప్పును.

పొరుగు రాష్ట్రమున మన భాషకు పాఠశాల యాసరా తక్కువైన చోట, పాడినవారి మాటయే ఆధారము. ఆ మాట ఒక్క మూటలో సరిగా నిలిచిన, తరువాతివారు రెండు లిపులలో దేనినైనను చదివి మరల పాడుకొనగలరు. పది మూటలలో పది విధములుగా నున్నచో ఏది పాడవలెనో వారికి తెలియదు. మన సంఘ సభ్యులలో సేకరణములు గలవారు ఈ పద్ధతి నవలంబించి, తమ యొద్దనున్న మూటలలో మూలమేదో యిప్పుడే, తెలిసినవారుండగనే, నిర్ణయించుకొందురుగాక.