మీకు తెలుసా? పిల్లలు తప్పిపోతే స్టేషన్ హద్దులు అడ్డు కావు!

పామర్రు పిల్లాడు బందరు బస్టాండులో తప్పిపోయినా గుడివాడ పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. ‘మా పరిధి కాదు’ అనడానికి వీల్లేదు. ఇదే జీరో ఎఫ్‌ఐఆర్. ముందు సున్నా నంబరుతో కేసు రాసుకుని, ఆనక సంబంధిత స్టేషనుకు బదిలీ చేస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో తొలి జీరో ఎఫ్‌ఐఆర్ 2019 డిసెంబరులో, అప్పటి కృష్ణా జిల్లా కంచికచర్లలో నమోదైంది. అదీ వీరులపాడు మండలంలో కనిపించకుండా పోయిన ఓ బాలుడి కోసమే!

ఫిర్యాదు చేయడానికి 24 గంటలు ఆగాలన్నది ఉత్త అపోహ. పిల్లలు కనబడడం లేదన్న ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది.

2015లో ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన బాలుణ్ని తెలంగాణ పోలీసుల ముఖ గుర్తింపు సాధనం ‘దర్పణ్’ 2020లో అస్సాంలో గుర్తుపట్టింది. తప్పిపోయినవారి ఫొటోలను సంరక్షణ కేంద్రాల్లోని పిల్లల ముఖాలతో పోల్చిచూడడమే దాని పని.

పిల్లల కోసం 1098, అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి.