అరచేతిలో రేసు కారు

పెనుకొండ: జాతీయ రహదారి పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కంపెనీ కార్లు తయారవుతున్నవి. కొత్త కార్లను రెండంతస్తులుగా ఎక్కించుకున్న పొడుగాటి లారీలు రోడ్డెక్కితే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అయితే ఆ రోడ్డు పక్కనే టీ అంగడి బల్ల మీద కూర్చున్న కుర్రవాళ్ళు తలెత్తి ఆ లారీని చూడరు. వాళ్ళ తలలు ఫోను మీదికి వంగి ఉంటవి. అక్కడా కారే పరుగెత్తుతున్నది!

ఏముందిరా అందులో అని పెద్దలు అడగటం, పిల్లలు పలకకపోవటం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో ఇంటింటా ఉన్నదే. పలకటానికి వాళ్ళకు తీరిక ఎక్కడిది? తల తిప్పితే కారు గుద్దుకుంటుంది. చిన్ననాటి నుంచి ఈ ఆటల పిచ్చి ఉన్నవాడిగా ఈ విలేఖరి ఆ జవాబు చెప్పబూనుకున్నాడు. గేములన్నీ ఒకటి కావు. పాత బటన్ల పెట్టెకూ నేటి ఫోను ఆటకూ ఒక పెద్ద తేడా ఉన్నది. ఆ తేడా ఇంటి డబ్బుకు సంబంధించినది కనుక పెద్దలు తెలుసుకోవటం అవసరం.

రేసు ఆట మన పల్లెలకు కొత్తది కాదు. అరిగిపోయిన సైకిలు టైరును పుల్లతో కొడుతూ ఊరి వీధుల వెంట పరుగెత్తని పిల్లవాడు ఒకప్పుడు లేడంటే అతిశయోక్తి కాదు. నోటితోనే ఇంజను మోత, నోటితోనే హారను. మలుపు వస్తే పుల్లను టైరుకు పక్కగా ఆనించి తిప్పాలి, లేదా టైరు పోయి కాలువలో పడుతుంది. గేము పెట్టెలు ఈ సరదానే కూర్చున్న చోటికి తెచ్చినవి. కాళ్ళకు పని తప్పింది, వేళ్ళకు పని పడింది.

చేతిలో పట్టుకుని ఆడే మొట్టమొదటి పూర్తి ఎలక్ట్రానిక్ గేము రేసు గేమే కావటం విశేషం. 1976లో అమెరికాలోని మాటెల్ అనే బొమ్మల కంపెనీ దానిని 'ఆటో రేస్' పేరుతో విడుదల చేసింది. దానికి తెర అంటూ లేదు. చిన్న చిన్న ఎర్ర దీపాలు వరుసగా ఉంటవి, అంతే. కింద వెలిగే గీత మన కారు, పైనుంచి దిగివచ్చే గీతలు అడ్డం వచ్చే కార్లు. లెక్కలు చేసే కాలిక్యులేటరు చిప్పునే ఆటకు వాడుకున్నారు. ఆట మొత్తం 512 బైట్లలో ఇమిడింది. ఇప్పటి కంప్యూటర్లలో తెలుగు అక్షర గుర్తు ఒక్కొక్కటికి సాధారణంగా మూడు బైట్లు పడుతుంది. అంటే ఆవుదూడ తప్పిపోయిందని పత్రికలో వేయించే చిన్న ప్రకటన పట్టే చోటులో వాళ్ళు ఒక రేసు మొత్తం పట్టించారు!

ఏడు గళ్ళ కారు

మన పిల్లలు ఎరిగిన పెట్టె మాత్రం అది కాదు. 1990ల చివరా, 2000 తర్వాతా పెనుకొండ బాబయ్య ఉరుసులో, కదిరి తేరు నాటి బొమ్మల అంగళ్ళలో వేలాడిన 'బ్రిక్ గేము' అందరికీ గుర్తుండే ఉంటుంది. రెండు పెన్సిలు సెల్లులు వేస్తే చాలు. పెట్టె మీద 9999 ఆటలు అని అచ్చువేసి ఉండేది. నిజానికి ఉన్నవి పదో ఇరవయ్యో. వేగం మార్చి, మెట్టు మార్చి లెక్క పెంచేవారు. (సంతలో కొలత చూపించే తెలివి మనవాళ్ళకే సొంతం అనుకుంటాం గాని, చైనా వాళ్ళకూ ఉన్నదన్నమాట.) ఇటుకలు పేర్చే ఆట దానిలో ముఖ్యమైనది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన టెట్రిస్‌కు అది నకలు. ఈ విలేఖరి మాత్రం కార్ల ఆట దాటి ఎన్నడూ పోలేదు.

ఆ కారును ఏమని వర్ణించేది! పైన ఒక గడి, దాని కింద మూడు, మళ్ళీ ఒకటి, అడుగున రెండు. మొత్తం ఏడు నల్ల గళ్ళు. తెర మొత్తం అడ్డం పది, నిలువు ఇరవై గళ్ళు. ధర్మవరం మగ్గాల వారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. చీర అంచులోని హంసనైనా, మామిడి పిందెనైనా ముందు గళ్ళ కాగితం మీద గీసుకుని, ఆ లెక్క ప్రకారం జకార్డు అట్టలకు రంధ్రాలు కొడతారు. రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. బ్రిక్ గేములోనూ అంతే. గడి నల్లబడుతుంది, లేదా ఊరుకుంటుంది. మూడో మాట లేదు. చీర మీది హంస ఉన్నచోటే ఉంటుంది. ఇక్కడ గళ్ళు నల్లబడుతూ చెరిగిపోతూ రోడ్డు కిందికి జారుతున్నట్టు కంటికి భ్రమ కలిగిస్తవి. అసలు కిటుకు అదే. కారు ముందుకు పోదు, రోడ్డే మన మీదికి వస్తుంది.

కొత్తగా ఆడేవాడు తన కారునే చూస్తూ ఉంటాడు. రెండు నిమిషాలలో గుద్దుకుంటాడు. ఆరితేరినవాడు తన కారు వంక చూడనే చూడడు. అతని చూపు తెర పై అంచు మీద ఉంటుంది, వచ్చేది అక్కడినుంచే గదా. వేగం పెరిగేకొద్దీ చూపు దూరానికి పోవాలన్న పాఠం ఈ ఏడు గళ్ళ కారే నేర్పింది.

నింటెండో అనే జపాను కంపెనీ 1989లో తెచ్చిన 'గేమ్ బాయ్' ఈ పెట్టెలన్నిటికీ పెద్దన్న. దానిని తయారుచేసిన బృందానికి పెద్ద గున్‌పే యోకోయి. రంగుల తెర పెట్టే వీలున్నా ఆయన పెట్టలేదు. పాతబడి చవకైన సరుకును కొత్త పనికి వాడాలన్నది ఆయన పద్ధతి. నాలుగు పెన్సిలు సెల్లులతో అది పది గంటలకు తక్కువ కాకుండా ఆడేది. పోటీగా 1990లో సెగా కంపెనీ రంగుల తెరతో 'గేమ్ గేర్' తెచ్చింది. దానికి ఆరు సెల్లులు వేసినా నాలుగైదు గంటలకే ఖాళీ. ఏది గెలిచిందో చెప్పనక్కరలేదు. గేమ్ బాయ్, దాని తర్వాతి రంగుల గేమ్ బాయ్ కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళలో పెరిగినవారికి యోకోయి లెక్క ఇట్టే అర్థమవుతుంది.

ఈ ఖరీదైన పెట్టెలు మన ఊళ్ళ అంగళ్ళకు ఎక్కువగా రాలేదు. హిందూపురం నుంచి రెండు మూడు గంటల రైలు ప్రయాణంలో బెంగళూరు ఉన్నది. అక్కడి మెజెస్టిక్ దగ్గరి నేషనల్ మార్కెట్ విదేశీ సరుకుకు పేరు పడింది. ఆశ ఉన్నవాళ్ళు అక్కడికి పోయి బేరమాడేవారు.

పగ్గం పట్టే నేర్పు

రేసు గేముకు బటనుతో ఒక చిక్కు ఉన్నది. బటను నొక్కితే స్టీరింగు పూర్తిగా తిరుగుతుంది, వదిలితే తిన్నగా అవుతుంది. సగం తిప్పటం లేదు. కొద్దిగా వంగిన రోడ్డు మీద ఏం చేయాలి? టక్ టక్‌మని కొద్దికొద్దిగా తట్టాలి. బండి తోలే రైతుకు ఈ సంగతి తెలుసు. చిన్న మలుపుకు పగ్గాన్ని ఒక్కసారిగా గుంజడు, చిన్న చిన్నగా అదిలిస్తాడు. 2004 డిసెంబరులో జపానులో సోనీ కంపెనీ విడుదల చేసిన 'పీఎస్‌పీ'లో బొటనవేలి కింద జరిగే ఒక చిన్న బిళ్ళ పెట్టారు. ఎంత జరిపితే అంత మలుపు. దానితోపాటే వచ్చిన 'రిడ్జ్ రేసర్' ఆడితే చేతిలో నిజంగా స్టీరింగు ఉన్నట్టే ఉంటుంది. పెట్టెలన్నిటిలో ఈ విలేఖరి ఓటు దానికే.

ఫోనులో ఆ బటన్లు పోయినవి. అద్దం మీద వేలు పెడితే వేలికింద ఏమీ తగలదు, పైగా వేలే రోడ్డును కప్పేస్తుంది. ఫోనును అటూ ఇటూ వంచి ఆడదామంటే తెర కూడా కంటికి వంకర అవుతుంది. అయినా ఒక ఆట ఈ అవిటితనాన్నే అనుకూలం చేసుకున్నది. ఫిన్లాండ్ దేశపు ఫింగర్‌సాఫ్ట్ కంపెనీ 2012లో తెచ్చిన 'హిల్ క్లైంబ్ రేసింగ్'లో స్టీరింగే లేదు. కుడివైపు గ్యాసు, ఎడమవైపు బ్రేకు. గుట్టలు ఎక్కాలి, దిగాలి, పెట్రోలు అయిపోకముందే దారిలోని డబ్బా అందుకోవాలి. ఎక్కుడులో గ్యాసు ఎక్కువైతే ముందు చక్రం లేచి బండి బోర్లా పడుతుంది. వేరుశనగ మూటలతో గట్టెక్కే ట్రాక్టరు మీద కూర్చున్నవాళ్ళకు ఇది వేరే నేర్పాలా? మన గుట్టల సీమలో ఈ ఆట పట్టుకున్నదంటే ఆశ్చర్యం లేదు.

పెట్రోలుకూ డబ్బే

ఇక అసలు సంగతి. బ్రిక్ గేము కొన్న తర్వాత సెల్లుల ఖర్చు తప్ప అది మన జేబు వంక చూడలేదు. ఓడిపోతే మళ్ళీ మొదటినుంచి ఆడించేది. ఫోనులోని రేసు ఆట ఊరికే దొరుకుతుంది, ఊరికే ఆడనివ్వదు. రెండు పరుగులు తీయగానే ప్రకటన వస్తుంది. కొన్ని ఆటలలో నాలుగు రేసులు కాగానే పెట్రోలు అయిపోయిందంటారు. అరగంట ఆగాలి, లేదా ప్రకటన చూడాలి, లేదా డబ్బు కట్టాలి. మంచి కారు కావాలంటే నాణేలు కావాలి, నాణేలకు రూపాయలు కావాలి. ఏ కారు వస్తుందో తెలియని మూసిన పెట్టెలు కూడా అమ్ముతారు. ఇది తిరునాళ్ళలో చక్రం తిప్పించే అంగడికి దగ్గరి చుట్టం. పదేళ్ళ పిల్లవాడికి ఇది ఆటలో భాగమనే అనిపిస్తుంది. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. దానిలోనే బ్యాంకు ఖాతా, దానిలోనే పట్టు కొనేవారి చెల్లింపులు, దానిలోనే పిల్లవాడి రేసు కారు. చిక్కంతా అక్కడ ఉన్నది.

పేకాట, పందెం వంటి డబ్బు ఆటల సంగతి వేరు. ఆన్‌లైన్ జూదాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2020లో నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు గెలుస్తామని డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. రేసు ఆటలో నాణేలు కొనటం ఆ జూదం కిందికి రాదు. గెలిచి తిరిగి తీసుకునే డబ్బు అందులో లేదు గదా. కాబట్టి ఇక్కడ చట్టం వచ్చి అడ్డుపడుతుందని ఎదురుచూసి ప్రయోజనం లేదు. ఫోను ఎవరిదో వారే చూసుకోవాలి. ప్లే స్టోరు సెట్టింగులలో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డు అడిగే ఏర్పాటు ఉన్నది. దానిని ఇంట్లో పెద్దవాళ్ళు పెట్టుకోవాలి, ఆ పాస్‌వర్డు పిల్లవాడికి చెప్పరాదు. యూపీఐ పిన్ను సంగతీ అంతే. నెట్టు లేకుండా నడిచే ఆటలు ఆడేటప్పుడు డేటా ఆపివేస్తే ప్రకటనల బెడద చాలావరకు తగ్గుతుంది. హిల్ క్లైంబ్ అలా ఆడదగినదే. ఫోను లాక్కుని కొట్టడం కన్నా ఈ పని సులభం.

కార్ల ఆటలాడి కుర్రవాళ్ళు బైపాసు మీద మోటారు సైకిళ్ళు ఎగరేస్తున్నారన్న మాట తరచు వినిపిస్తున్నది. ఈ విలేఖరికి అందులో సగమే నిజమనిపిస్తుంది. ఏ గేమూ ఆడని మొనగాళ్ళు కూడా ఆ రోడ్డు మీద ఉన్నారు. అయితే చవక ఆటలు చెప్పే ఒక అబద్ధం ఉన్నది: గోడకు గుద్దుకున్నా కారు తిరిగి లేస్తుంది, బ్రేకు అక్కరలేదు అని. మంచి ఆట అలా చెప్పదు. కజునోరి యమౌచి రూపొందించిన 'గ్రాన్ టూరిస్మో' (పీఎస్‌పీకి ఇది 2009లో వచ్చింది) మలుపుకు ముందే బ్రేకు వేయనివాడిని గెలవనివ్వదు. తిన్నగా ఉన్నప్పుడు వేగం తగ్గించు, మలుపు దాటుతూ పెంచు. ఆట అంతా ఈ రెండు మాటలే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసు చూసినవారికి కూడా ఇదే కనిపించి ఉంటుంది. రెండు పక్కలా గోడలే, బ్రేకు ఒక్క క్షణం ఆలస్యమైతే బండి అంతటితో సరి.

పిల్లవాడికి ఫోను బదులు గేము పెట్టె కొనిద్దామనుకునేవారికి రెండు మాటలు. బ్రిక్ గేములు నేటికీ రెండు మూడు వందలకు దొరుకుతున్నవి. పీఎస్‌పీ అమ్మకాలను కంపెనీ 2014లో ఆపివేసింది కనుక ఇప్పుడు దొరికేవి పాతవే. కొనే ముందు వెనక మూత తీసి బ్యాటరీ ఉబ్బి ఉన్నదేమో చూడాలి, ఉబ్బినది వాడరాదు. బటన్లు ఒక్కొక్కటే నొక్కి చూడాలి. బ్రిక్ గేములో బటను పనిచేయకపోతే సాధారణంగా లోపలి రబ్బరు బిళ్ళ మురికి పట్టి ఉంటుంది, స్పిరిటులో తడిపిన దూదితో తుడిస్తే తిరిగి పలుకుతుంది. పరీక్షల రోజుల్లో పెట్టెను అటక మీద దాచే తల్లులు దానిలోని పెన్సిలు సెల్లులు తీసి దాచటం మంచిది. లేదంటే సెల్లులు కారి లోపలి రేకులు చిలుము పడతవి.