మామిడితోఁటలోని గోధుమవన్నె చిలుకలు

నూజివీటి చిన్నరసాల తోఁటలలో, వానలు కురిసి చెట్ల నడుమ గడ్డి యెదిగినపుడు, గోధుమవన్నె గల చిన్న సీతాకోకచిలుకలు చివ్వున నెగిరి మరల గడ్డిపైననే వ్రాలుచుండును. ఇవి స్కిప్పరులు. వీనిని చూచి చెట్లకు చీడ పట్టెనని మందు చల్లింపఁ దలఁచు సోదరీమణులకొక మాట: అది వృథావ్యయము. వీని పురుగులు వరియాకును గడ్డిని తినునే గాని మామిడి నంటవు. మామిడాకు తినునది బారను చిలుక పురుగు. పచ్చని దాని మేనికి రెండు ప్రక్కలను ఈఁకలవంటి ముండ్లుండును.

స్కిప్పరులలో రెండు జాతులు కవలలవలె నుండును. 1798లో ఫాబ్రీషియస్ పేరిడిన మథియాస్ ఒకటి, 1866లో వాలేస్ వర్ణించిన సిన్నారా రెండవది. మథియాస్ మగదాని ముందు ఱెక్కపై ఏటవాలుగా లేఁతవన్నె గీత యుండును. సిన్నారాకు మగదైనను అది లేదు. అయిన నీ గుర్తొక్కటియే చాలదు, మథియాస్ ఆఁడుదానికిని గీత లేదు గదా! అప్పుడు ఱెక్కలు మూసి కూర్చున్న చిలుకను ప్రక్కనుండి చూడవలెను. వెనుక ఱెక్క యడుగున, చుక్కల వరుసకు వేఱుగా మొదలివైపున నొక తెల్లచుక్క యున్నచో సాధారణముగా మథియాస్, లేనిచో సిన్నారా. ప్రొద్దుటి చల్లనివేళ నివి నెమ్మదిగా నుండును. వన్నె మాసి ఱెక్కలు చినిఁగిన వానికి మాత్రము నేను పేరు పెట్టను.