షోరూమ్ బిల్లు బరువు: సొంత లారీ నడుపుకునేవారికి ఉన్న దారులేమిటి?

పుదుచ్చేరి పట్టణం చుట్టూ మెట్టుపాళయం, తట్టాంచావడి, సేదరాపట్టు పారిశ్రామికవాడలున్నాయి. అక్కడి నుంచి చెన్నైకి, విజయవాడకు, ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమై ఉండి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న యానాంకు సరుకు వెళ్లాలంటే లారీయే దిక్కు. ఈ లారీల్లో చాలావాటి వెనుక పెద్ద కంపెనీ ఏదీ ఉండదు. ఒకటి రెండు బళ్లున్న ఓనరే ఉంటాడు, చాలాసార్లు స్టీరింగ్ పట్టేదీ అతనే. బండి ఆగితే అతని ఇల్లు గడవదు. నెల కిస్తీ 60,000 రూపాయలనుకుంటే, బండి షెడ్డులో ఉన్న ప్రతి రోజుకూ కిస్తీ కిందే 2,000 రూపాయలు పోతాయి. పోయిన బాడుగ దానికి అదనం. పైగా కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ నుంచి వచ్చే బిల్లు ఒక్కోసారి రెండు మూడు నెలల మిగులును మింగేస్తుంది.

బిల్లు చూశాక గొడవపడితే ఫలితం తక్కువ. తాళాలు ఇచ్చేటప్పుడు ఏం రాయించుకున్నారు, ఏ కాగితం దాచుకున్నారు అన్నవే తర్వాత అక్కరకొస్తాయి.

బిల్లు ఎందుకు ఇంత పెరిగింది?

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-4 స్థానంలో నేరుగా బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. బీఎస్-5ను దాటేశారు. భారీ డీజిల్ ఇంజిన్ వదలగల నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోవాట్-గంటకు 3.5 గ్రాముల నుంచి 0.4 గ్రాములకు దిగింది. అంత తగ్గించాలంటే ఇంజిన్ ఒక్కటే చాలదు. సైలెన్సర్ ఉండే చోట ఒక చిన్న రసాయన కర్మాగారమే వచ్చి కూర్చుంది. మసిని పట్టే ఫిల్టర్, పొగలోకి యూరియా ద్రావణం చిమ్మే పంపు, దాన్ని వాడుకుని విషవాయువును విడగొట్టే ఎస్‌సీఆర్ వ్యవస్థ, ముందూ వెనుకా నాక్స్ సెన్సర్లు, వీటన్నిటిపై కన్నేసి ఉంచే కంప్యూటర్ అందులో భాగాలు.

డ్రైవర్లు యూరియా అనీ, యాడ్ బ్లూ అనీ పిలిచే డీఈఎఫ్‌లో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. అది కల్తీదైనా, అయిపోయినా కంప్యూటర్ ఇంజిన్ శక్తిని తగ్గిస్తుంది. లోడుతో ఉన్న బండి ఎత్తు ఎక్కదు. పాత బండి అయితే రోడ్డు పక్క మెకానిక్ చెవితో విని తప్పు చెప్పేవాడు. ఇప్పుడు స్కానర్ పెట్టి కోడ్ చదవాలి. ఆ కోడ్‌ను పూర్తిగా చదివే సాఫ్ట్‌వేర్, కొత్త విడిభాగాన్ని కంప్యూటర్‌కు పరిచయం చేసే పాస్‌వర్డ్ తరచూ డీలర్ దగ్గరే ఉంటాయి. పోటీ లేని చోట ధర ఎవరి చేతిలో ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. కోడ్ లోపం ఏ వైపు ఉందో చూపుతుంది. ఏ భాగం చెడిందో ప్రతిసారీ కచ్చితంగా చెప్పదు. నాక్స్ సెన్సర్ కోడ్ వచ్చిందంటే సెన్సరే పోయి ఉండొచ్చు. నాసిరకం డీఈఎఫ్, కొరుక్కుపోయిన వైరు, నీరు పట్టిన కనెక్టర్ కూడా అదే కోడ్ తెప్పించగలవు. కాబట్టి ఖరీదైన భాగం మార్చడానికి ఒప్పుకునే ముందు స్కానర్ రిపోర్టు ప్రింటు అడగాలి. వైరింగ్, ద్రావణం పరీక్షించారా అన్నది జాబ్ కార్డులో రాయించుకోవాలి. ఎస్‌సీఆర్ వ్యవస్థనే తీసేసి కంప్యూటర్‌ను మభ్యపెట్టే 'చిట్కా' చౌకగా కనిపించినా అది చట్టవిరుద్ధం. వారంటీకీ అక్కడితో చెల్లు.

పన్నులో పోయేదెంత?

విడిభాగాల మీద 28 శాతం దాకా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి వచ్చింది. రిపేరు కూలి మీద కూడా 18 శాతమే. రిజిస్టరైన పెద్ద సంస్థల్లో చాలావాటికి ఈ పన్నును క్రెడిట్‌గా తీసుకునే వీలుంది. లారీని రవాణా ఏజెన్సీకి అద్దెకిచ్చే చిన్న ఓనర్‌కు ఆ వీలు లేదు. అలా ఇచ్చే అద్దెకు జీఎస్టీ మినహాయింపు ఉంది కనుక, కట్టిన పన్నును రాబట్టుకునే దారీ ఉండదు. లక్ష రూపాయల పనికి 18,000 పన్ను అంటే, ఆ మొత్తం అతని జేబులోంచే పోతుంది.

బిల్లులో తప్పక చూడాల్సిన మరో అంశం ఎంఆర్‌పీ. ప్యాకెట్‌లో వచ్చే విడిభాగంపై అచ్చయ్యే గరిష్ఠ చిల్లర ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. దాని మీద మళ్లీ జీఎస్టీ వేస్తే అది తూనికలు, కొలతల నిబంధనల ఉల్లంఘన. అందుకే మార్చిన పాత భాగాన్నీ, కొత్తదాని ఖాళీ డబ్బానూ వెనక్కి అడిగి తీసుకోవాలి. పాత భాగం నిజంగా చెడిందా అన్న వివాదానికి అది సాక్ష్యం. డబ్బా మీది ధర బిల్లుకు సాక్ష్యం.

బండిని ఆపుకునే హక్కు ఎంతవరకు?

'బిల్లు కట్టకపోతే బండి కదలదు' అనే మాటకు చట్టంలో ఆధారం ఉంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 170వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టినవాడు తన ప్రతిఫలం అందేదాకా దాన్ని అట్టిపెట్టుకోవచ్చు. అయితే ఆ సెక్షన్‌లోనే ఒక హద్దు కూడా ఉంది. ఏ ఉద్దేశంతో వస్తువును అప్పగించారో ఆ ఉద్దేశానికి అనుగుణంగా చేసిన పనికే ఈ హక్కు వర్తిస్తుంది. అడగని పని చేసి, దాని డబ్బు కోసం బండిని ఆపడం ఆ హద్దు దాటడమే. వేరే బండి తాలూకు పాత బాకీ కోసం ఈ బండిని ఆపే సాధారణ హక్కు 171వ సెక్షన్ కింద బ్యాంకర్ల వంటి కొద్ది వర్గాలకే ఉంది. ప్రత్యేకంగా ఒప్పందం ఉంటే తప్ప రిపేరు షెడ్డుకు లేదు.

అందువల్ల జాబ్ కార్డు మీద సంతకం చేసేటప్పుడు మూడు విషయాలు చూసుకోవాలి. ఫిర్యాదు ఏమిటో ఓనర్ మాటల్లోనే ఉండాలి. 'అవసరమైన పనులన్నీ' అనే ఒక్క ముక్కకు సంతకం పెడితే, ఏ పనికైనా ఒప్పుకున్నట్టే వాదించే వీలు షెడ్డుకు దొరుకుతుంది. ఎస్టిమేట్‌లో భాగాలు, కూలి విడివిడిగా ఉండాలి. ఎస్టిమేట్ దాటితే ముందుగా మెసేజ్ పంపి అనుమతి తీసుకోవాలని రాయించాలి.

అయినా బిల్లు పేలిపోతే ఏం చేయాలి? లోడు కుళ్లిపోతుంటే వాదనకు తీరిక ఉండదు. అప్పుడు బిల్లు ప్రతి మీద 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని రాసి, ఏ పద్దు మీద అభ్యంతరమో అదే రోజు ఈమెయిల్ చేసి, డబ్బు కట్టి బండి తెచ్చుకోవడం మేలు. చెల్లించినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని చూపడానికి ఆ కాగితం పనికొస్తుంది.

బయట చేయిస్తే వారంటీ పోతుందా?

ఇదే షోరూమ్‌కు పెద్ద బలం. 2014 ఆగస్టు 25న కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలపై దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారన్నది అభియోగం. 2016 డిసెంబర్‌లో మూడు కంపెనీల అప్పీళ్లపై అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానా తగ్గించింది కానీ తప్పు జరిగిందన్న నిర్ధారణను నిలబెట్టింది.

ఆ కేసు కార్లది, లారీలది కాదు. కానీ కమిషన్ చెప్పిన సూత్రం లారీ ఓనర్‌కూ వాదనగా పనికొస్తుంది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదనీ, బయటి పని సరిగా లేక జరిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చనీ కమిషన్ ఆదేశించింది. బ్రేకు లైనర్లు బయట మార్పించినందుకు గేర్‌బాక్స్ వారంటీ ఎలా పోతుందని అడగడానికి ఇది ఆధారం. వారంటీ ఉన్నంతకాలం ఇంజిన్, ఎస్‌సీఆర్ పనులు అధీకృత సెంటర్‌లోనూ, టైర్లు, బ్రేకులు, బాడీ, బేరింగుల పని బిల్లు ఇచ్చే మంచి షెడ్డులోనూ చేయించడం చాలామందికి కుదిరే పద్ధతి.

లారీ ఓనర్ వినియోగదారుడేనా?

వినియోగదారుల కమిషన్‌కు వెళితే అవతలి లాయర్ మొదట అనే మాట: 'ఇది వ్యాపారం, మీరు వినియోగదారుడు కారు.' దీనికి సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో జవాబిచ్చింది. బాడుగకు తానే నడుపుకోవడానికి లారీ కొన్న వ్యక్తి వినియోగదారుడే అని కోర్టు ఉదాహరణగా చెప్పింది. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హోదా పోదు. బండిని పూర్తిగా ఇతరులతో నడిపిస్తే మాత్రం పోతుంది.

2019 చట్టంలో ఒక మెలిక ఉంది. స్వయం ఉపాధికి మినహాయింపునిచ్చే వివరణలో 'వస్తువులు' అనే మాట ఉంది. 2002 సవరణ తర్వాత పాత చట్టంలో ఉన్న 'సేవలు' అనే మాట లేదు. అందుకే ఫిర్యాదులో సేవాలోపంతో పాటు లారీలోని లోపాన్ని, అమర్చిన విడిభాగాల లోపాన్ని, అనుచిత వ్యాపార పద్ధతిని స్పష్టంగా రాయడం తెలివైన పని. హెవీ లైసెన్సు, ఒక్కటే బండి ఉందని చూపే ఆర్‌సీ, కుటుంబానికి ఇదే జీవనాధారమన్న ప్రమాణపత్రం జత చేయాలి.

మొదటి మెట్టు 1915 జాతీయ హెల్ప్‌లైన్. అక్కడ కొన్ని కేసులు రాజీతోనే తేలతాయి. తేలకపోతే, చెల్లించిన విలువ 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌కు, ఘటన జరిగిన రెండేళ్లలోపు వెళ్లాలి. విలువ ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. 2019 చట్టం తెచ్చిన పెద్ద మేలు 34వ సెక్షన్‌లో ఉంది. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు. పుదుచ్చేరి లారీ ఒంగోలు దగ్గర ఆగి అక్కడి షెడ్డులో బిల్లైనా, కేసు పుదుచ్చేరిలో వేయవచ్చు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు, వీడియో ద్వారా విచారణ కోరవచ్చు. లోపం పరీక్షతోనే తేలేదైతే ప్రయోగశాలకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. దాచుకున్న పాత భాగం విలువ అప్పుడు తెలుస్తుంది.

అసలు పరిష్కారం

ఒక్కో ఓనర్ ఒక్కో బిల్లుతో పోరాడటం ఉపశమనమే, వైద్యం కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ 2012లోనే వాహనాల రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకూ ఇవ్వాలని చట్టం చేసింది. ట్రాక్టర్ల రిపేరును తన డీలర్ల చేతిలోనే ఉంచుకుందంటూ జాన్ డీర్ కంపెనీపై 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెక్కింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది. అది కంపెనీలు స్వచ్ఛందంగా సమాచారం పెట్టే వేదిక మాత్రమే. స్కానర్ సాఫ్ట్‌వేర్ తప్పనిసరిగా ఇవ్వాలనే శక్తి దానికి లేదు.

సరసమైన ధరకు ఆ సాఫ్ట్‌వేర్ మెట్టుపాళయం షెడ్డు మెకానిక్‌కు అందిన రోజు, షోరూమ్ ఎస్టిమేట్‌ను పోల్చి చూసేందుకు ఓనర్ దగ్గర రెండో కాగితం ఉంటుంది. అప్పటిదాకా అతనికి ఉన్న రక్షణ సంతకం పెట్టే ముందు చదివిన జాబ్ కార్డు, సంచిలో దాచిన పాత సెన్సర్.